చేతిలో బటన్ ఉంది కదా అని...

పోయిన నెల ఇదే పేజీలో వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, ఖాతా తెరిచి మొదలుపెట్టండి అని రాశాను. ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిళ్ళు చూస్తే సగం మందిది ఒకటే గోల: "నేను రాసింది ఎవరో తీసేశారు." మిగతా సగం మందిది దానికి ఎదురు గోల: "నేను తీసేస్తే తిడుతున్నారు." రెండు పక్షాలకూ ఈసారే జవాబు చెప్పేస్తాను.

ముందు కొత్తవారి కోసం ఒక్క మాట. ఇతరులు చేసిన మార్పును వెనక్కి తిప్పడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి 'రద్దుచెయ్యి'. ఇది అందరికీ ఉంటుంది. నొక్కగానే ఏం మారిందో చూపిస్తుంది, ఎందుకు రద్దు చేస్తున్నారో రాయడానికి 'సారాంశం' అని ఒక పెట్టె ఇస్తుంది. రెండోది రోల్‌బ్యాక్. ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. కారణం అడగదు, సారాంశం యంత్రమే రాసేసుకుంటుంది. పైగా ఆ పేజీలో చివరగా రాసిన మనిషి వరసగా ఎన్ని మార్పులు చేసి ఉంటే అన్నీ ఒక్కసారే పోతాయి. వికీ బాగోగులు చూసే నిర్వాహకులకు ఇది ఆ హోదాతో పాటే వస్తుంది. ఇంగ్లీషు వికీపీడియాలో 2008 జనవరి నుంచి, నమ్మకం కుదిరిన మామూలు వాడుకరులకు కూడా ఇస్తున్నారు.

ప్రశ్న: అమ్మా, నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఏడాదిగా ఇంగ్లీషు వికీపీడియాలో పనిచేస్తున్నాను. రెండు నెలల క్రితం రోల్‌బ్యాక్ హక్కు ఇచ్చారు. మా జిల్లాలోని ఒక ఊరి వ్యాసంలో కొత్త వాడుకరి ఒకతను వచ్చి స్థానిక ఎమ్మెల్యేను ఆకాశానికెత్తేశాడు. రోల్‌బ్యాక్ చేశాను. అతను నా చర్చ పేజీకి వచ్చి గొడవ. ఒక నిర్వాహకుడు కూడా వచ్చి "ఇది దుశ్చర్య కాదు, మళ్ళీ ఇలా చేస్తే హక్కు తీసేయాల్సి వస్తుంది" అన్నారు. పొగడ్త తీసేయడం కూడా తప్పేనా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పొగడ్త తీసేయడం తప్పు కాదు బాబూ. మీరు తీసింది పొగడ్త ఒక్కటే అయితే నేనూ మీ పక్షమే.

మీరు పంపిన లింకు పట్టుకుని ఆ పేజీ చరిత్ర తెరిచాను. ఆ కొత్తాయన నలభై నిమిషాల్లో వరసగా ఆరు మార్పులు చేశాడు. ఊరి పేరు తెలుగు లిపిలో రాసినచోట 'ళ' బదులు 'ల' ఉంటే దిద్దాడు. చెరువు పేరు దిద్దాడు. దగ్గరి రైల్వే స్టేషన్ దూరం సరిచేశాడు. పనిచేయని లింకు తీసి పనిచేసేది పెట్టాడు. ఐదోసారి ఒక కామా. ఆరోసారి మాత్రం ఎమ్మెల్యేగారు అలుపెరగని ప్రజాసేవకులని ఒక వాక్యం చేర్చాడు. మీరు ఆ ఆరోదాన్ని చూసి నొక్కారు. ఆరూ పోయాయి. ఇప్పుడా పేజీలో మళ్ళీ 'ల' ఉంది, చచ్చిన లింకు ఉంది. మీ పేరు మీద ఉంది.

నేను వికీకి రాకముందు ఇరవై రెండేళ్ళు విజయవాడలో ఒక దినపత్రికలో ప్రూఫ్ రీడర్‌గా చేశాను. 1986లో చేరాను. అప్పట్లో పేజీలు బ్రోమైడ్ల మీద, అంటే ఫొటో కాగితాల మీద వచ్చేవి. తప్పు దొరికితే ఆ లైను వరకే బ్లేడుతో కోసి కొత్త ముక్క అతికించేవారు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకు ఒక సంతాప ప్రకటనలో ఇంకో తప్పు కనపడింది. పేస్టింగ్ కుర్రాడు అప్పటికే నిద్రమత్తులో ఉన్నాడు. లైను కోసే ఓపిక లేక, పక్కన పడి ఉన్న పాత బ్రోమైడ్ మొత్తం తెచ్చి అతికించేశాడు. ఆ ఒక్క తప్పూ పోయింది. దాంతోపాటు మేం అంతకుముందు దిద్దిన నాలుగు దిద్దుబాట్లూ పోయాయి. అందులో చనిపోయినాయన ఇంటిపేరు ఒకటి. పొద్దున్నే వాళ్ళబ్బాయి పేపరు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆయన మమ్మల్ని తిట్టలేదు. ఇంటిపేరు మీద వేలుపెట్టి చూపించి, కుర్చీలో కూర్చుని ఏడ్చాడు.

రోల్‌బ్యాక్ చేసే పని సరిగ్గా ఆ పాత బ్రోమైడ్ తెచ్చి అతికించడమే.

ఇక నిర్వాహకుడు అన్న మాట. దుశ్చర్య అంటే పాడుచేయాలనే ఉద్దేశంతో చేసిన పని. పేజీ అంతా ఖాళీ చేయడం, బూతులు రాయడం, శాస్త్రవేత్త పేరు తీసి క్లాసులో స్నేహితుడి పేరు పెట్టడం, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టు అక్షరాలు కొట్టడం. వీటికి కారణం రాయక్కర్లేదు. చూసేవాడికి ఎవరికైనా అర్థమవుతుంది. ఎమ్మెల్యే అభిమాని చేసింది అది కాదు. అతనికి అది మంచి పనే. విజ్ఞాన సర్వస్వంలో అలా రాయకూడదని అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, అంతే. అలాంటి మనిషి మీద రోల్‌బ్యాక్ నొక్కితే 'నువ్వు పాడుచేయడానికే వచ్చావు' అని మొహం మీద చెప్పినట్టు. మీరు ఆ మాట అనలేదంటారు. అనలేదు, నిజమే. ఏమీ అనకపోవడమే అక్కడ ఆ మాట అయింది.

మా ప్రూఫు గదిలో ఇంకో పద్ధతి ఉండేది. ఎవరైనా దిద్దింది తప్పు, ముందున్నదే ఒప్పు అనిపిస్తే ఆ మాట కింద చుక్కలు పెట్టి మార్జిన్‌లో 'స్టెట్' అని రాయాలి. ఉన్నది ఉన్నట్టే ఉంచండి అని. పక్కన పొట్టి సంతకం. సంతకం లేని స్టెట్‌ను మా ఇన్‌చార్జిగారు లెక్కచేసేవారు కాదు. "ఎవడన్నాడు? వచ్చి చెప్పమను" అనేవారు. వికీలో దిద్దుబాటు సారాంశం పెట్టె ఆ మార్జినే.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఆయన చేసిన ఐదు మంచి మార్పులూ తిరిగి పెట్టండి. సారాంశంలో 'పొరపాటున అన్నీ తీసేశాను, పొగడ్త తప్ప మిగతావి తిరిగి చేర్చాను' అని రాయండి. ఆయన చర్చ పేజీలో రెండు వాక్యాలు చాలు. మీ ఐదు దిద్దుబాట్లు బాగున్నాయి, ఆరోది ఫలానా కారణంగా ఉంచలేం అని. ఈసారి నుంచి ఇలాంటి చోట 'రద్దుచెయ్యి' వాడండి, చివరి మార్పు వరకే.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ సెకండ్ ఇయర్. తెలుగు వికీపీడియాలో మా ఊరి వ్యాసంలో జనాభా పాతది ఉంది. సర్పంచ్‌గారిని అడిగి ఇప్పటి అంకె పెట్టాను. రెండు నిమిషాల్లో తీసేశారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీసేశారు. కారణం ఒక్క ముక్క రాయలేదు. చాలా అవమానంగా అనిపించింది. ఇక రాయను.
— ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మాయ్, నీ కోపం న్యాయమైనదే. నీ అంకె మాత్రం కాదు.

మన ఊళ్ళ వ్యాసాల్లో చాలావాటిలో ఒక వాక్యం ఉంటుంది చూడు, '2011 భారత జనగణన గణాంకాల ప్రకారం ఈ గ్రామం ఇన్ని ఇళ్లతో, ఇంత జనాభాతో' అని. నువ్వు అంకె మార్చావు, ముందున్న 'ప్రకారం'ను అలాగే ఉంచావు. ఇప్పుడు ఆ వాక్యం ఏం చెబుతోంది? 2011 జనగణన చెప్పని అంకెను 2011 జనగణన చెప్పిందని. సర్పంచ్‌గారి అంకె నిజమే కావచ్చు, వాక్యం మాత్రం అబద్ధమైపోయింది. 2021లో జరగాల్సిన లెక్క వాయిదా పడింది కాబట్టే పాత అంకె అలా ఉండిపోయింది, బద్ధకంతో కాదు.

ఇదే ముక్క ఆ తీసేసినవాళ్ళు ఒక్క వాక్యంలో రాసి ఉంటే నువ్వు రెండోసారి పెట్టేదానివి కాదు, నాకు ఉత్తరం రాసేదానివీ కాదు. సరైన పని తప్పు పద్ధతిలో చేస్తే ఇలాగే ఉంటుంది.

తీసేసినవాళ్ళను నేను గట్టిగా ఏమీ అనలేను. కారణం చెబుతాను. 2019 ఫిబ్రవరిలో ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేని ఒక అజ్ఞాత, తెలంగాణలోని ఊళ్ళ వ్యాసాల్లో వరసపెట్టి 'మహబూబ్‌నగర్ జిల్లా' కొట్టేసి 'నారాయణపేట జిల్లా' అని పెడుతున్నాడు. సారాంశం లేదు, మూలం లేదు. నాకు ఒళ్ళుమండింది. టీ చల్లారేలోపు తొమ్మిది పేజీలు రోల్‌బ్యాక్ చేశాను. మంచి పని చేశానన్న తృప్తి కూడా కలిగింది, అబద్ధమెందుకు. రాత్రి భోజనాల దగ్గర మా వారు అన్నారు, "తెలంగాణలో ఇంకో రెండు జిల్లాలొచ్చాయట, ములుగూ నారాయణపేటా. మొత్తం ముప్ఫై మూడయ్యాయి." ఫిబ్రవరి 17న అవి ఏర్పడ్డాయి. 2016 అక్టోబరులో పది జిల్లాలు ముప్ఫై ఒకటైన సంగతి తెలుసు, ఆ తర్వాత పక్క రాష్ట్రం కదా అని నేను పట్టించుకోలేదు.

చెయ్యి కడుక్కుని వెళ్ళి తొమ్మిది పేజీలూ తిరిగి మార్చాను. ప్రతిదాంట్లో 'నాదే పొరపాటు' అని సారాంశం రాశాను. ఆ అజ్ఞాత చర్చ పేజీలో క్షమాపణ కూడా రాశాను. జవాబు రాలేదు. ఆ ఇంటర్నెట్ చిరునామా నుంచి ఆ తర్వాత ఒక్క మార్పూ జరగలేదు. ఎవరో ఏమో. నారాయణపేటలో ఏ టీచరో, మా ఊరు కొత్త జిల్లాలోకి వచ్చిందన్న సంబరంతో కూర్చుని ఒక్కో ఊరూ మారుస్తున్నారేమో. 2022 ఏప్రిల్ 4న మన ఆంధ్రాలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయిన వారం మాత్రం నేను రోల్‌బ్యాక్ జోలికే పోలేదు.

కాబట్టి నువ్వు వెళ్ళిపోకు. మూడోసారి అంకె పెట్టకు కూడా. వ్యాసానికి ఉన్న చర్చ పేజీలో, లేకపోతే తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో అడుగు, 'నా మార్పు ఎందుకు తీశారు?' అని. తగువులాగా కాదు, మామూలుగా. ఇంకోటి, మీ ఊళ్ళో బడి, గుడి, చెరువు ఫొటోలు నువ్వే తీసి పెట్టు. వాటికి జనగణన అడ్డం రాదు.

ప్రశ్న: మా హీరో సినిమా కలెక్షన్లను అవతలి హీరో ఫ్యాన్స్ తగ్గించి రాస్తున్నారు. రోజుకు మూడుసార్లు వరకు రివర్ట్ చేయవచ్చని విన్నాను. నిజమేనా?
— ఒక అభిమాని, గుంటూరు

జవాబు: మూడుసార్లు చేయవచ్చని కాదు నాయనా. ఇంగ్లీషు వికీలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడింటికి మించి తిరగ్గొడితే సాధారణంగా నిరోధిస్తారు, అంటే కొంతకాలం రాయనివ్వరు అని. ఆ మూడూ మీ కోటా కాదు. రోజుకు రెండే చేస్తూ వారమంతా పోట్లాడినా నిరోధిస్తారు. అవతలివాళ్ళు రాసింది దుశ్చర్య అని పేరుపెట్టి రోల్‌బ్యాక్ వాడితే అది ఇంకా పెద్ద తప్పు. కోట్ల లెక్క ఎవరిది నమ్మాలన్నది చర్చ పేజీలో తేలాల్సిన విషయం.

ఇది మన ఫ్యాన్స్ జబ్బే అనుకోకండి. ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు వ్యాసం పేరును ఇంగ్లీషులో ఎలా రాయాలి, మధ్యలో 'హెచ్' అక్షరం ఉండాలా వద్దా అన్న తగువు 2003లో మొదలై 2011లో తేలింది. పెరుగు మీద. ఎనిమిదేళ్ళు.

ప్రశ్న: రోల్‌బ్యాక్ హక్కు రావాలంటే ఏం చేయాలి? పరీక్ష ఉంటుందా? జీతం ఏమైనా?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: జీతం లేదు. పరీక్ష లేదు. ఇంగ్లీషు వికీలో దానికోసం ఒక విజ్ఞప్తుల పేజీ ఉంది. అక్కడ అడిగితే ఒక నిర్వాహకుడు మీ పాత పని చూసి ఇస్తారు, లేదా వద్దంటారు. వ్యాసాల్లో కనీసం ఓ రెండు వందల మార్పులైనా లేనివారికి సాధారణంగా ఇవ్వరు. అంకె కన్నా ముఖ్యంగా చూసేది, ఇంతకుముందు మామూలు 'రద్దుచెయ్యి'తో మీరు తీసేసినవి ఎలాంటివి, అవతలివారికి కారణం చెప్పారా అన్నది. ఇచ్చిన నిర్వాహకుడే కాదు, వేరే నిర్వాహకుడైనా తీసేయగలరు. మీ పేరు పక్కన నక్షత్రం ఏమీ రాదు, పెళ్ళి బయోడేటాలో రాసుకోవడానికి పనికిరాదు.

ప్రశ్న: అమ్మా, నేను నాటకాల మనిషిని, డెబ్బై దాటాయి. నా మీద వికీపీడియాలో ఒక చిన్న వ్యాసం ఉందని మనవడు చూపించాడు. సంతోషించేలోపే చూస్తే, నా మీద లేని పోలీసు కేసు ఒకటి ఉన్నట్టు రాసి ఉంది. ఆధారం ఏమీ చూపలేదు. మనవడిచేత ఆ వాక్యం తీయించాను. గంటలో మళ్ళీ పెట్టేశారు, పైగా నేను పేజీ పాడుచేస్తున్నానని హెచ్చరిక. ఈ వయసులో నాకీ టెన్షన్ ఏమిటి?
— ఒక రంగస్థల నటుడు, తెనాలి

జవాబు: అయ్యా, మీకు జరిగింది అన్యాయం. ఆ హెచ్చరిక పెట్టినవారు చూసింది ఒక్కటే: ఖాతా లేని ఎవరో ఒక వాక్యం మాయం చేశారు. పోయిన వాక్యం ఏమిటో చదవలేదు.

బతికున్న మనుషుల గురించి ఆధారం లేకుండా చెడు రాస్తే దాన్ని ఎవరైనా, ఎప్పుడైనా, వెంటనే తీసేయవచ్చు. తీసేయాలి. ఇలా తీసినవాటిని ఆ మూడుసార్ల లెక్కలో కూడా కలపరు. ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. 2005 మేలో ఒకాయన సరదాకు జాన్ సీగెన్‌థేలర్ అనే అమెరికన్ పాత్రికేయుడి వ్యాసంలో, కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన మీద అనుమానం ఉండేదని రాసిపెట్టాడు. పచ్చి అబద్ధం. నాలుగు నెలలపాటు అది అక్కడే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆయనప్పటికి మీ వయసువాడే. ఆయన పత్రికలో రాసి బయటపెట్టాక పెద్ద రభస అయింది. ఆ డిసెంబరులోనే ఇంగ్లీషు వికీపీడియాలో ఖాతా లేనివారు కొత్త వ్యాసం మొదలుపెట్టడాన్ని ఆపేశారు. త్వరగా తిరగ్గొట్టే పనిముట్లు ఎందుకు కావాలో ఈ కథే చెబుతుంది. మీ ఉత్తరం చూస్తే మాత్రం, అదే పనిముట్టు అబద్ధాన్ని మళ్ళీ తెచ్చిపెట్టింది.

మనవణ్ణి ఒక ఖాతా తెరవమనండి. వాక్యం తీసేటప్పుడు సారాంశంలో 'బతికున్న వ్యక్తి గురించి ఆధారం లేని ఆరోపణ' అని రాయమనండి. చర్చ పేజీలో తాను మీ మనవడినని దాచకుండా చెప్పి, విషయం పెట్టమనండి. మీ గురించి మంచి మాటలు మాత్రం అతను చేర్చకూడదు, అది వేరేవాళ్ళు రాయాలి. పేజీ చరిత్రలో పాత కూర్పు ఇంకా కనిపిస్తుంటే బాధపడకండి, నిర్వాహకులను అడిగితే దాన్ని మామూలు పాఠకులకు కనపడకుండా దాచగలరు. వ్యాసం లింకు నాకు కూడా పంపండి. ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగకుండా, అందిన రోజే.

ప్రశ్న: రోల్‌బ్యాక్ హక్కు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయవచ్చా? ఫోన్‌లో వీక్షణ జాబితా (నేను గమనించే పేజీల్లో జరిగిన మార్పులు) చూస్తుంటే వేలు తగిలి మూడుసార్లు ఎవరివో మంచి మార్పులు తీసేశాను. భయమేస్తోంది.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఇచ్చేయవచ్చు. ఏ నిర్వాహకుడికైనా చెబితే తీసేస్తారు, మళ్ళీ కావాలంటే అడగవచ్చు. కంటి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు నేనూ నాలుగు నెలలు వదిలేశాను.

అంతవరకూ పోకముందు అభిరుచుల పేజీలో రోల్‌బ్యాక్ నొక్కగానే ఒకసారి అడిగి నిర్ధారించుకునే ఏర్పాటు ఉంది, దానికి టిక్కు పెట్టండి. వేలు తగిలినా 'నిజంగానా?' అని అడుగుతుంది. వేలు తగిలి పోయిన ఆ మూడు మార్పులనూ తిరిగి పెట్టి, సారాంశంలో 'వేలు తగిలింది' అని రాస్తే చాలు. ఆ మాట నేను ఇప్పటికి ఎన్నిసార్లు రాశానో మా వాళ్ళకు తెలుసు. కళ్ళు బాగయ్యాక హక్కు మళ్ళీ తీసుకున్నాను, ఆ టిక్కు మాత్రం అలాగే ఉంచాను. నిన్న రాత్రి ఎవరో ఒక క్రికెటర్ వ్యాసం మొత్తం తుడిచేసి బూతు రాస్తే నొక్కాను, అప్పుడు కూడా అడిగింది. విసుక్కుంటూ అవునన్నాను.